నాలుగో లైటు

దెయ్యాల సినిమాలకు చుక్కలిచ్చేవాళ్ళను నేను నమ్మను. ఐదుకు మూడున్నర అంటారు. ఆ అర చుక్క దగ్గర ఏం జరిగిందో, మనిషి కుర్చీలో ఉన్నాడో కుర్చీ కింద ఉన్నాడో చెప్పరు. అమీర్‌పేటలో మా ముగ్గురి లెక్క వేరు. సినిమా చూసిన రాత్రి బాత్రూంకు వెళ్ళడానికి ఎన్ని లైట్లు వేసుకున్నావన్నదే మా లెక్క. బాత్రూం లైటు ఒక్కటే వేసుకుని వెళ్ళొస్తే మామూలు సినిమా. హాల్లోది కూడా వేస్తే టికెట్టు డబ్బులకు న్యాయం జరిగినట్టు. వంటింట్లోది, అంటే అసలు దారిలోనే లేని గదిలోది కూడా వేస్తే మూడు లైట్ల సినిమా.

నాలుగోది లైటు కాదు, మనిషి. ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళను లేపి బాత్రూం బయట నిలబెట్టాలి. లోపలి నుంచి మనం "ఉన్నవా?" అని అడుగుతుంటే వాళ్ళు "ఉన్న" అని పలుకుతుండాలి. అంతకు మించిన మార్కు మా దగ్గర లేదు. మా వాట్సాప్ గ్రూపు పేరు కూడా నాలుగో లైటే.

మేం ముగ్గురం ఎవరంటే, నేను పంజాగుట్టలో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాను. రెండో ఆయన అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఆయన, వయసులో చిన్న కాబట్టి మాకు తమ్ముడు. ఊళ్ళో అందరి ఫోన్లూ బాగుచేస్తాడు గానీ తన ఫోను అద్దం ఎప్పుడూ పగిలే ఉంటుంది. మూడో ఆవిడ గోదావరి వైపు నుంచి వచ్చి ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడం గారు. మా ముగ్గురికీ పరిచయం ఎలా అయిందంటే, ఒక సినిమాలో ముగ్గురం పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా, ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. ఇంటర్వెల్లో క్షమాపణలు చెప్పుకున్నాం. సెకండాఫ్‌లో మళ్ళీ పట్టుకున్నాం.

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం మెట్రో స్టేషను దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చుని ఆ వారం చూసినవాటి సంగతి తేల్చుకుంటాం. మేం సినిమాలను అసలు పేర్లతో పిలవం. చీపురు సినిమా, లిఫ్టు సినిమా, అత్తగారి సినిమా, ఇలాగే. అభిప్రాయాలు మాత్రం ఎవరివి వాళ్ళవి, ఎవరూ మార్చుకోరు. మేడం గారికి దెయ్యమన్నాక ఒక కారణం ఉండాలి, దానికి అన్యాయం జరిగి ఉండాలి, చివర్లో ఆ అన్యాయానికి లెక్క సరిపోవాలి. తమ్ముడికి దెయ్యం సినిమాలో కామెడీ పెడితే ఒళ్ళు మండుతుంది. నాకేమో దెయ్యం ఏమీ చేయకూడదు. ఊరికే మూలన నిలబడి ఉంటే చాలు. పెద్ద చప్పుడు పెట్టి ఉలిక్కిపడేలా చేయడం భయపెట్టడం కాదని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాటకొస్తే మా ఇంట్లో కుక్కరు కూడా ఆ పని చేస్తుంది.

మార్కుల దగ్గర గొడవలు లేకుండా ఒక్క శనివారం గడవలేదు. తమ్ముడూ వాళ్ళమ్మా ఉండేది ఒకటే గది, వంటా అందులోనే, పక్కన బాత్రూం. ఉన్నవే రెండు లైట్లు. పాపం మూడో లైటుకు అవకాశమే లేదని, ఫ్రిజ్ తలుపు తెరిస్తే వెలిగే బల్బును లెక్కలోకి తీసుకోవడానికి ఒప్పుకున్నాం. నేను భయమేసే చోట కళ్ళజోడు తీసేస్తాను. నా పవరుకు కళ్ళజోడు లేకపోతే దెయ్యమూ కిటికీ పరదా ఒకటే. అలా చూసిన సినిమాకు నా ఓటు సగమే చెల్లుతుందని మేడం గారు తేల్చారు. డిసెంబర్ వస్తే ఇంకో పేచీ. మా బాల్కనీలో క్రిస్మస్ స్టారు రాత్రంతా వెలుగుతుంది. ఆ వెలుతురు హాల్లోకి పడుతుంది కాబట్టి పండగ నెలలో నాకు హాలు లైటు వేసే అవసరమే ఉండదని, అయినా వేశానంటే అది భయం కాదు దుబారా అని ఆవిడ వాదన. రూల్సన్నీ ఆవిడే పెడుతుంది, ఆవిడే రాస్తుంది, ఆవిడే లెక్కేస్తుంది. ఆడిటర్లకు భయపడని మనిషి చీపురు సినిమాకు నాలుగు లైట్లు వేసింది.

ఇక మా ఇంటి సంగతి. నా భార్య పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఐసీయూలో పని. ప్రాణం పోయిన మనిషి పక్కన నిలబడి చార్టు రాసుకోగలదు. దెయ్యం సినిమా అంటే మాత్రం చూడదు. భయపడి కాదు, టైం దండగని. ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చి మధ్యాహ్నం నేను దెయ్యాల దగ్గరికి బయల్దేరుతుంటే, మా అమ్మ లోపల నా కోసం ప్రార్థన చేస్తుంటుంది, నా భార్య మాత్రం "టిఫిన్ బాక్సు పెట్టమంటరా?" అంటుంది.

ఆమెకు పొద్దున డ్యూటీ. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. సీట్లో కూర్చుని బ్యాగు సర్దుకునే లోపలే వచ్చేస్తుంది. మొన్న వర్షాకాలంలో నేను అత్తగారి సినిమా చూసి ఆమెను లేపాను. ఆ రాత్రి కాస్త ఎక్కువ సార్లే లేపాను. మర్నాడు పొద్దున ఆమె ఆ ఒక్క స్టేషను దూరంలో నిద్రపోయి, ఎల్బీనగర్‌లో బండి ఖాళీ అయ్యాక ఎవరో తట్టి లేపితే లేచింది. డ్యూటీకి ఆలస్యమైంది. పెద్ద నర్సమ్మ అందరి ముందూ చివాట్లు పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా నా ఎదురుగా నిలబడింది.

"నాలుగో లైటంటే నేనేనట గదా."

గ్రూపు పేరు ఆమెకెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు.

"మీ సిన్మాలకు నేను లైటునా? మనిషిని కాదా? ఇగ నన్ను లేపకుండ్రి. దెయ్యమొస్తే దాంతోనే ముచ్చట పెట్టుకోండ్రి. నేనైతే లేవ."

కోపంగా అని ఉంటే నాకంత దిగులు ఉండేది కాదు. కోపానికి ఉపాయం ఉంటుంది. ఆమె అలసిపోయి అంది. ఆ రాత్రి సినిమా లేదు, భయం లేదు, అయినా నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు పిలిచినా ఆమె లేచింది. ఎందుకు లేస్తోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుందన్నట్టే ఉన్నాను.

శనివారం హోటల్లో ఈ సంగతి చెప్పాను. తమ్ముడు సమోసా తుంచుతూ, "లైట్ తీస్కో అన్న, వదిన కోపంల అన్నది. నాలుగు దినాలైతే మర్షిపోతది" అన్నాడు.

మేడం గారు కప్పు కింద పెట్టారు. "ఏంటండీ మీరు, లైట్ తీసుకోవడమేంటి? ఆవిడది ఐసీయూ డ్యూటీ. నిద్ర లేకపోతే ఎలాగండి? మీరు ఇక మూడు లైట్లతో సరిపెట్టుకోండి."

సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఇండోనేషియా వాళ్ళ సినిమా ఒకటి వచ్చింది. అంత భయంకరమైన సినిమా నా జన్మలో చూడలేదు. దెయ్యం ఏమీ చేయదు, వంటింటి మూలన నిలబడి ఉంటుంది, అచ్చం నాకు కావలసిన దెయ్యం. ఆ రాత్రి లేపడానికి మనిషి లేదు కాబట్టి బాత్రూంకు వెళ్ళనే లేదు. తెల్లారేదాకా ఆపుకున్నాను. శనివారం ఆ మాట చెబితే మేడం గారు "వెళ్ళకపోతే లైట్లు వేయనట్టేగా అండీ. సున్నా" అని రాసుకున్నారు. ఆ ఏడాదికే మహాద్భుతమైన సినిమా మా జాబితాలో అట్టడుగున, మాట్లాడే కోతి సినిమా కింద పడి ఉంది. ఎంత మొత్తుకున్నా ఆవిడ చెవిన వేసుకోలేదు.

ఏడాది చివరి ఆదివారం ముగ్గురం కలిసి థియేటర్లో ఆడుతున్నవాటిలో ఎక్కువ లైట్లు వచ్చిన సినిమా చూడటం మాకు ఆనవాయితీ. ఈసారి నాకొక ఆలోచన వచ్చింది. నాలుగో లైట్లను కూడా పిలుద్దామన్నాను. నా భార్య, తమ్ముడు వాళ్ళమ్మ, మేడం గారి భర్త. సినిమా మా ఖర్చు, తర్వాత బిర్యానీ మా ఖర్చు. దీన్ని కృతజ్ఞత అన్నాను. తమ్ముడు లంచం అన్నాడు. ఏదైనా సరే, ఆమె మనసు కరిగితే చాలనుకున్నాను.

మరి ఏ సినిమాకు తీసుకెళ్ళాలి? తమ్ముడు ఆ వారమే వచ్చిన ఒక సినిమాకు మొదటి ఆటకే పోయి వచ్చాడు. ఎన్ని లైట్లని మేడం గారు గ్రూపులో అడిగారు. మేమిద్దరం బల్బు బొమ్మలు పెడతాం. తమ్ముడి పగిలిన ఫోనులో బల్బు బొమ్మ ఉండే చోట అద్దం పనిచేయదు కాబట్టి, ఎన్ని లైట్లయితే అన్నిసార్లు లైట్ అని రాస్తాడు. ఈసారి ఇలా రాశాడు: "లైట్ లైట్ లైట్ లైట్".

నాలుగు. మేడం గారు వెంటనే ఆరు టికెట్లు బుక్ చేసి, ఆట టైము మాత్రం గ్రూపులో పెట్టారు. ఈ సంగతి ఇంట్లో చెబితే నా భార్య "బిర్యానీ పక్కానా?" అని అడిగింది. పక్కా అన్నాను.

పంజాగుట్టలో ఒక మాల్‌లో మధ్యాహ్నం ఆట. ఆరుగురం ఒకే వరుస. తమ్ముడు వాళ్ళమ్మ కొత్త చీర కట్టుకుని, కొంగులో యాలకులు ముడేసుకుని వచ్చింది. మేడం గారి భర్త భారీ మనిషి, రెండు బకెట్ల పాప్‌కార్న్ ఒడిలో పెట్టుకుని ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్నాడు. తెర మీద పేరు పడగానే తమ్ముడు నా వైపు వంగాడు.

"గీ సిన్మానా? గిదెందుకు తీస్కున్నరన్న?"

"నువ్వే గదా నాలుగు లైట్లిచ్చినవ్."

"నేనెప్పుడిచ్చిన? లైట్ అన్న గదా. లైట్ తీస్కోండ్రి, దండగ, పోకుండ్రి అని. నాలుగు సార్లు చెప్పిన."

అవతలి నుంచి మేడం గారు ఇదంతా విన్నారు. ఆవిడ ముఖంలో రంగులు మారడం చీకట్లో కూడా తెలిసింది. ఆఫీసు లెక్కల్లో ఒక్క రూపాయి తప్పు పోనివ్వని మనిషి, ఒక్క మాట దగ్గర పప్పులో కాలేసింది. నాకు ఆవిడ మీద జాలి కన్నా నా మీద నాకు ఎక్కువ జాలేసింది. కరిగించాల్సిన మనసును తీసుకొచ్చి ఇలాంటి సినిమా ముందు కూర్చోబెట్టాను.

సినిమా తమ్ముడు చెప్పినట్టే ఉంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒక అద్దె ఫ్లాటులో దిగుతారు. అందులో దెయ్యం. దానికి పెట్టిన విగ్గు సైజు పెద్దదై, అది కోపంగా తల తిప్పినప్పుడల్లా జుట్టు కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. గాల్లో తేలుతూ వచ్చే చోట చీర కింద బూట్లు కనబడ్డాయి. ఇంటర్వెల్ దాకా మేం ముగ్గురం పెదవి విరుస్తూనే ఉన్నాం. లైట్లు వెలగగానే నా భార్య ముఖం చూడలేక టీ, సమోసాలు తెస్తానని పారిపోయాను.

ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆ ముగ్గురూ, అంటే మా నాలుగో లైట్లు, సీట్లు మారి పక్కపక్కన చేరారు. తమ్ముడు వాళ్ళమ్మ చెబుతోంది.

"మావోడు లోపటికెళ్ళి అమ్మా ఉన్నవా, అమ్మా ఉన్నవా అంటనే ఉంటడు బిడ్డా. ఉన్న ఉన్న అని నోరు నొస్తది. గందుకే బతుకమ్మ పాట ఎత్తుకుంట. పాట నడుస్తున్నదంటె నేనున్నట్టే గదా. కిందింటోళ్ళు అడుగుతున్నరు, ఏందవ్వా మీ ఇంట్ల బతుకమ్మ పండగ అయిపోదా అని."

మేడం గారి భర్త తలూపాడు. "నేనైతే నిలబడే నిద్రపోతానండి. నిద్రలోనే ఉన్నా అంటాను. అలవాటైపోయింది. మొన్న ఆఫీసు మీటింగులో కునుకు పడితే, మా మేనేజరు ఏదో అడిగారంట, నేను ఉన్నా ఉన్నా అన్నానంట."

"నీ సంగతేందమ్మా?" అని ముసలమ్మ నా భార్యను అడిగింది. నేను ట్రేతో వెనకే నిలబడి ఉన్నానని ఆమెకు తెలీదు.

"నన్ను లేపుడెందుకు పెద్దమ్మా, నాకు స్విచ్చి చప్పుడుకే మెలకువ వస్తది. ఒక్క చప్పుడైతే పక్కకు తిరిగి పండుకుంట. రెండో చప్పుడైతే చూస్త. మూడోది ఇనబడ్డదంటె చెప్పులేసుకుంట. తర్వాత ఆయన పిలుస్తడు."

"ఇగ లేవనని అన్నవంట గదా?"

"అన్న. నోటితోని అన్న. చెవులు ఇంటయా? మొన్న ఏదో బయటి దేశం సిన్మా చూసి వచ్చిండు. ముఖమంత తెల్లగైంది. మూడు చప్పుళ్ళొస్తయి అనుకున్న. ఒక్కటి సుత రాలే. నాకే నిద్ర పట్టలే."

నేను రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా దగ్గి, అప్పుడే వచ్చినట్టు వచ్చాను. ఆ ఇండోనేషియా రాత్రి మంచానికి ఇటు చివర నేను ఆపుకుని పడుకుంటే, అటు చివర ఆమె వింటూ పడుకుందన్నమాట. నాకు ఒక్కసారిగా ఆమె మీద ప్రేమ, నా మీద కోపం రెండూ ముంచుకొచ్చాయి. సమోసా చల్లారకముందే ఆమెకిచ్చాను. అంతకు మించి చేయడానికి అక్కడ వీల్లేదు.

సెకండాఫ్‌లో ఒక చోట, సినిమాలో భర్త అర్ధరాత్రి భార్యను లేపుతాడు. ఆమె కళ్ళు నులుముకుంటూ పోయి బాత్రూం బయట నిలబడుతుంది. లోపలి నుంచి "ఉన్నావా?" అని గొంతు. "ఉన్నా" అంటుందామె. మళ్ళీ "ఉన్నావా?" మళ్ళీ "ఉన్నా". ఇంతలో వెనక పడకగదిలోంచి నిద్రమత్తులో భర్త గొంతు వినబడుతుంది: "ఎవరితో మాట్లాడుతున్నావ్?" ఆమె తిరిగి చూస్తుంది. భర్త మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

అప్పుడు బాత్రూం తలుపు తెరుచుకుని దెయ్యం బయటికొచ్చింది. విగ్గు ఒక చెవి మీదికి జారిపోయి ఉంది. నేనూ తమ్ముడూ మేడం గారూ పగలబడి నవ్వాం. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక చూస్తే మా వరుసలో ముగ్గురు మాత్రం నవ్వలేదు. మేడం గారి భర్త చేతిలో పాప్‌కార్న్ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ముసలమ్మ "ఓ కొడుకా" అని సన్నగా అంది. నా భార్య చెయ్యి కుర్చీ పట్టుకుని ఉంది. రోజూ చావును చూసే చెయ్యి, వేళ్ళు తెల్లబడేలా బిగిసి ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. లోపలుండేవాళ్ళకు ఆ సీను కామెడీ. బయట నిలబడేవాళ్ళ సంగతి వేరు. ఇన్నేళ్ళుగా తలుపుకు అటువైపు ఎవరున్నారో చూడకుండా, నమ్మకం మీద "ఉన్న" అంటున్నది వాళ్ళు. అంత చెత్త సినిమా వాళ్ళ ముగ్గురి కోసమే తీసినట్టుంది.

ఆట అయిపోయి బయటికొచ్చాం. మాల్ నిండా జనం. పండగ సెలవులు, పట్టపగలు, ఎక్కడ చూసినా లైట్లే. మేడం గారు ఫోను తీసి, "నాదే పొరపాటండి, దీన్ని సున్నాకి మార్చేస్తున్నా" అన్నారు. ఆవిడ భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్, ఒక్క నిమిషం బాత్రూం దాకా వస్తావా?"

ఆవిడ ఫోను బ్యాగులో పడేసి ఆయన వెంట నడిచారు. ఈలోపు ముసలమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. "బిడ్డా, జర నువ్వు సుత రా."

నా భార్య ఎటో చూస్తూ బ్యాగు నా చేతిలో పెట్టింది. "ఊకె నిలబడుండ్రి, అంతే" అంది.

అలా మేం ముగ్గురం, అమీర్‌పేటలో దెయ్యాల సినిమాల మీద తీర్పులు చెప్పే ముగ్గురం, మాల్‌లో బాత్రూంల ముందు వరుసగా నిలబడ్డాం. మగవాళ్ళ వైపు నుంచి "ఉన్నావా?" అని వినబడింది. "ఉన్నానండీ" అని మేడం గారు గట్టిగా పలికారు. చేతులు కడుక్కుని వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆవిడను చూసి మళ్ళీ లోపలికే వెళ్ళారు. ఆడవాళ్ళ వైపు నుంచి ముసలమ్మ, "పాట పాడు బిడ్డా" అంది. తమ్ముడు చుట్టూ చూసి, తల దించుకుని, బతుకమ్మ పాట ఎత్తుకున్నాడు. వాడి గొంతు అంత బాగుంటుందని మాకు తెలీదు. సెక్యూరిటీ ఆయన నా దగ్గరికొచ్చి, నా భుజాన ఉన్న లేడీస్ బ్యాగు చూసి, "ఏమైంది సార్?" అన్నాడు.

నేను జవాబిచ్చేలోగా లోపలి నుంచి నా భార్య గొంతు వినబడింది.

"ఉన్నరా?"

"ఉన్న" అన్నాను.

కొళాయి చప్పుడు. మళ్ళీ, "ఉన్నరా?"

"ఈడనే ఉన్న."

బయటికొచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటున్న ఆమెను, మా పద్ధతి ప్రకారం, "ఎన్ని లైట్లు?" అని అడిగాను.

"గదంత లైట్ తీస్కోండ్రి" అంది బ్యాగు లాక్కుంటూ. "బిర్యానీకి నడువుండ్రి."

ఆ సినిమా మార్కులు మారుస్తానని మేడం గారు అంటే ఎవరం ఒప్పుకోలేదు. ఆ ఏటి జాబితాలో అదే మొదటిది, నాలుగు లైట్లు, పక్కన విగ్గు సినిమా అని రాసి ఉంటుంది.

ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. మధ్యలో ఎప్పుడో స్విచ్చి చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కన నా భార్య చోటు ఖాళీగా ఉంది. హాల్లో ఒకటి. నేను పక్కకు తిరిగి పడుకోబోయాను. వంటింట్లో రెండోది. కళ్ళు తెరిచాను. బాత్రూం దగ్గర మూడోది వినబడగానే లేచి కూర్చుని, మంచం కింద కాళ్ళతో వెతుక్కుని, చెప్పులేసుకున్నాను.